ఆకాశానికీ పొలిమేరలున్నాయి

గ్లోబు మీద హెల్సింకీ నుంచి టోక్యోకు దారం బిగించి కొలిస్తే సుమారు 7,800 కిలోమీటర్లు వస్తుంది. ఆ దారం చాలా మేరకు రష్యా మీదుగానే పోతుంది. ప్రయాణకాలాన్ని నిర్ణయించేవి దూరం, ఇంజిన్ల శక్తి అని మనం అనుకుంటాం. ఉత్తర యూరప్ నుంచి జపాన్‌కు సాగిన విమానయాన చరిత్ర చూస్తే, కింద ఉన్న దేశం ఇచ్చే అనుమతి కూడా వాటికేమీ తీసిపోదని తేలుతుంది. తన నేల మీది ఆకాశంపై ప్రతి దేశానికీ సంపూర్ణాధికారం ఉందని 1944 నాటి చికాగో ఒప్పందం మొదటి అధికరణంలోనే గుర్తించింది. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో సోవియట్ యూనియన్ సైబీరియా ఆకాశాన్ని చాలాకాలం పాశ్చాత్య విమానాలకు మూసే ఉంచింది.

అందుకే 1957 ఫిబ్రవరిలో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ కోపెన్‌హేగన్ నుంచి ఉత్తరధ్రువ ప్రాంతం మీదుగా టోక్యోకు సర్వీసు మొదలుపెట్టింది. అయస్కాంత ధ్రువం దగ్గర దిక్సూచి ముల్లును నమ్మడానికి లేదు. నావిగేటర్లు గైరోస్కోపు మీద ఆధారపడి, సూర్యుణ్ణో నక్షత్రాలనో చూసి దిశ సరిచూసుకునేవారు. ఇంధనం కోసం అలాస్కాలోని యాంకరేజ్‌లో దిగినా, దక్షిణాసియా మీదుగా 50 గంటలకు పైగా పట్టే ప్రయాణం సుమారు 32 గంటలకు తగ్గింది. తరువాతి దశాబ్దాల్లో యాంకరేజ్ ఎంత పెద్ద మజిలీ అయిందంటే, ఆ విమానాశ్రయంలోని ఉడాన్ నూడుల్స్ దుకాణం జపాన్ ప్రయాణికులందరికీ తెలిసిన చోటైంది.

ప్రయాణకాలంలో ఈ తగ్గుదలంతా యంత్రాల ఘనతే కదా అని ఎవరైనా అడగవచ్చు. కొంతవరకు నిజమే. 1983లో ఫిన్నెయిర్ డీసీ-10 విమానం ధ్రువం మీదుగా హెల్సింకీ నుంచి ఎక్కడా ఆగకుండా సుమారు 13 గంటల్లో టోక్యో చేరగలిగిందంటే, అది ఇంజనీర్ల విజయమే. ఆ తరువాత సైబీరియా దారి తెరుచుకోవడంతో ప్రయాణం పది గంటల లోపుకు వచ్చింది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలై రష్యా ఆకాశం యూరప్ సంస్థలకు మళ్ళీ మూతపడింది. సైబీరియా దారిలో తిరిగిన ఫిన్నెయిర్ ఎ350 విమానాలే ధ్రువం మీదుగా దాదాపు 13,000 కిలోమీటర్లు చుట్టి, మళ్ళీ 13 గంటలు ఎగరవలసి వచ్చింది. ధ్రువం దాటినందుకు ప్రయాణికులకు సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. నలభై ఏళ్ళ సాంకేతిక ప్రగతి తరువాత కూడా గడియారం 1983 దగ్గరే నిలిచింది. గాలివాటం వల్ల కొంత తేడా వస్తుంది గానీ, వేల కిలోమీటర్ల చుట్టుదారికి గాలి కారణం కాదు.

దేశభద్రత కోసం ఆకాశాన్ని మూసే హక్కు ఏ దేశానికైనా ఉంది. అయితే ఆ హక్కు వెనుక అపనమ్మకం పేరుకుంటే ఎంత నష్టమో కూడా యాంకరేజ్ మీదుగా సాగిన దారే చూపింది. యాంకరేజ్ నుంచి సియోల్‌కు బయల్దేరిన కొరియన్ విమానం 1983 సెప్టెంబరు 1న దారితప్పి సోవియట్ ఆకాశంలోకి వెళ్తే కూల్చేశారు; 269 మంది చనిపోయారు. కాబట్టి విమానయాన ప్రగతిని లెక్కగట్టేటప్పుడు కొత్త ఇంజిన్లతో పాటు, దేశాలు కుదుర్చుకున్న ఒప్పందాలను కూడా సమానంగా లెక్కలోకి తీసుకోవాలి. అవి చెడిన నాడు ఎంత మేలైన విమానమైనా చుట్టూ తిరిగే పోవాలి.