నత్తల్ని తీసేయకండి బ్రో: ఆక్వేరియం పుట్టిన కథ

పోయిన ఎపిసోడ్‌లో నా రూమ్‌లో ఉన్న మొక్కల ఆక్వేరియం చూపించాను కదా. అది చూసి చాలామంది ఒకటే అడిగారు: "బ్రో, మొక్కలతో పాటు నత్తలు కూడా వచ్చేశాయి, ఎలా వదిలించుకోవాలి?" రెండు లైన్లలో జవాబు చెప్పేయొచ్చు. కానీ దాని గురించి చదువుతూ పోతే నాకు ఒక మంచి కథ దొరికింది. మొక్కల ఆక్వేరియం అనే ఐడియా మొదటిసారి నిలబడింది ఒక నత్త వల్లే. అందుకే ఈరోజు హిస్టరీ ఎపిసోడ్. చివర్లో సెటప్‌కి కూడా వస్తాను, ప్రామిస్.

ముందు నా తప్పు చెప్పేస్తాను. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో ఒక షాప్‌కి వెళ్లి రెండడుగుల ట్యాంక్, రంగు రాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, పది చేపలు అన్నీ ఒకేసారి కొన్నాను. సాయంత్రం నాలుగింటికి నీళ్లు పోశాను, ఐదింటికి చేపల్ని వదిలాను. మూడో రోజుకి నీళ్లు పాలలాగా తెల్లగా అయిపోయాయి. షాప్‌కి ఫోన్ చేస్తే, "నీళ్లన్నీ మార్చేయండి సార్, ఫిల్టర్ బాగా కడగండి" అన్నారు. కుళాయి కింద స్పాంజిని పిండి పిండి కడిగాను. పదో రోజుకి ఒక్క చేప కూడా మిగల్లేదు. అమ్మ ఒకే మాట అంది: "ప్రాణమున్న వాటితో ఆటలేంట్రా?"

టెస్ట్ చేయకుండా కోడ్‌ని ప్రొడక్షన్‌లో పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. కానీ అక్కడ రోల్‌బ్యాక్ ఉంటుంది, చేపకి ఉండదు. ఎక్కడ తప్పు చేశానో తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ప్రపంచానికైతే వందేళ్లకు పైగానే పట్టింది. ఆ కథే ఇది.

పుదీనా, కొవ్వొత్తి

1771. ఇంగ్లండ్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ అని ఒకాయన. మూసిన గాజు పాత్రలో కొవ్వొత్తి వెలిగిస్తే కాసేపటికి ఆరిపోతుంది, ఇది అందరికీ తెలుసు. ఆయన ఆ పాడైన గాలిలో ఒక పుదీనా కొమ్మ పెట్టాడు. కొన్ని రోజుల తర్వాత చూస్తే, అదే గాలిలో కొవ్వొత్తి మళ్లీ వెలిగింది! అంటే మొక్క గాలిని బాగుచేస్తోంది అన్నమాట.

కానీ ఈ ప్రయోగం ఒకసారి పనిచేసేది, ఒకసారి చేసేది కాదు. ఎందుకో తేల్చింది డచ్ డాక్టర్ యాన్ ఇంగెన్‌హౌస్. 1779లో ఆయన ఆకుల్ని నీళ్లలో ముంచి ఎండలో పెట్టాడు. ఆకుల మీద చిన్న చిన్న బుడగలు వచ్చాయి. చీకట్లో పెడితే రాలేదు. సో, పని జరగాలంటే వెలుతురు కావాలి. ఈరోజు మనం ట్యాంక్ లైట్ వేశాక ఆకుల మీద ముత్యాల్లాంటి బుడగలు వస్తే ఫోటో తీసి స్టేటస్ పెట్టుకుంటాం చూడండి, ఆయన చూసింది అచ్చంగా అదే.

మూతపెట్టిన సీసా

తర్వాతి సీన్ లండన్. ఊరంతా బొగ్గు పొగ. నథానియల్ వార్డ్ అనే డాక్టర్‌కి ఫెర్న్ మొక్కలంటే ప్రాణం, కానీ ఆ పొగకి ఒక్కటీ బతకట్లేదు. 1829 ప్రాంతంలో ఆయన ఒక చిమ్మట ప్యూపాని తడి మట్టిలో పెట్టి, సీసాకి మూత బిగించాడు, పురుగు ఎలా బయటికొస్తుందో చూద్దామని. కొన్నాళ్లకి ఆ మట్టిలో ఒక ఫెర్న్, ఒక గడ్డి మొక్క మొలిచాయి. పగలు ఆవిరైన తేమ గాజుకి పట్టి మళ్లీ మట్టిలోకే దిగుతోంది. బయట చచ్చిపోయే మొక్క లోపల హాయిగా పెరుగుతోంది.

1833లో ఆయన ఇలాంటి గాజు పెట్టెలు రెండు నింపి ఓడలో సిడ్నీకి పంపాడు. నెలల ప్రయాణం, ఉప్పు గాలి, అయినా మొక్కలు బతికాయి. వీటినే వార్డియన్ కేసులు అంటారు. దీంట్లో మనకీ ఒక లింక్ ఉంది. 1850 ప్రాంతంలో రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి టీ మొక్కల్ని మన హిమాలయ ప్రాంతపు తోటలకి తెచ్చింది ఈ పెట్టెల్లోనే. పొద్దున్నే చాయ్ తాగేటప్పుడు ఆ సీసాని ఒకసారి గుర్తుచేసుకోండి.

పెట్టె రెడీ. ఇప్పుడు దాంట్లో నీళ్లు పోయాలి.

రెండు గోల్డ్‌ఫిష్, ఒక మొక్క

ఒక విషయం ముందే చెప్పాలి. గాజు పెట్టెల్లో నీటి జీవుల్ని పెట్టి పరిశీలించే పని 1832లోనే ఒకావిడ మొదలుపెట్టింది. పేరు జాన్ విల్‌ప్రో పవర్. కుట్టుపనితో మొదలై శాస్త్రవేత్త అయిన ఫ్రెంచ్ మహిళ. ఇటలీలో సిసిలీ ద్వీపంలో ఆక్టోపస్ జాతి జీవుల్ని ఇలా స్టడీ చేసింది. ఆమెకి ఒక ఎపిసోడ్ మొత్తం బాకీ ఉన్నాను.

మన మొక్కల ట్యాంక్ కథ మాత్రం 1849లో, లండన్‌లో. హీరో రాబర్ట్ వారింగ్టన్, కెమిస్ట్. ఆయన బుర్రలో ప్రశ్న చాలా సింపుల్: చేప వదిలే గాలి మొక్కకి కావాలి, మొక్క వదిలే గాలి చేపకి కావాలి. మరి రెండింటినీ ఒకే పాత్రలో పెడితే, నీళ్లు మార్చే పనే లేకుండా బతుకుతాయా?

సుమారు 12 గ్యాలన్లు, అంటే 50 లీటర్లకు పైగా పట్టే గాజు పాత్ర తీసుకున్నాడు. సగం దాకా నీళ్లు. అడుగున ఇసుక, మట్టి, రాళ్లు. రెండు చిన్న గోల్డ్‌ఫిష్. ఒక వాలిస్నేరియా మొక్క, రిబ్బన్‌లాంటి పొడవాటి ఆకులు ఉంటాయి దానికి.

మొదట్లో అంతా బాగుంది. తర్వాత ముదిరిన ఆకులు కుళ్లడం మొదలైంది. నీళ్లు మసకబారాయి. గాజుకి పచ్చటి పాచి పట్టింది. ఎక్కడో విన్నట్టుంది కదా? మన మొదటి ట్యాంక్ కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోతుంది. నాలాంటివాళ్లం ఈ స్టేజ్‌లో నీళ్లన్నీ పారబోస్తాం.

వారింగ్టన్ పారబోయలేదు. చెరువు దగ్గర ఏం జరుగుతుందో ఆలోచించాడు. చెరువులోనూ ఆకులు కుళ్లుతాయి, మరి అక్కడ ఎవరు శుభ్రం చేస్తున్నారు? ఐదారు చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకుల్ని తినేశాయి, పాచిని గీకేశాయి, నీళ్లు తేటపడ్డాయి. పైగా నత్తలు పెట్టిన గుడ్లు చేపలకి మేత అయ్యాయి. చేప, మొక్క అని ఇద్దరితో మొదలైన లెక్క ముగ్గురు ఉంటే గానీ కుదరలేదు. ఇదంతా ఆయన 1850లో పేపర్‌గా ప్రచురించాడు.

సో, నత్తల గురించి అడిగిన ఫ్రెండ్స్, ఇదే మీకు జవాబు. ట్యాంక్‌లో నత్తలు మరీ విపరీతంగా పెరిగిపోతున్నాయంటే వాటికి తిండి ఎక్కువ దొరుకుతోందని అర్థం. ఆ తిండి వేస్తున్నది మీరే. చేపల మేత తగ్గించండి, నత్తలు వాటంతట అవే తగ్గుతాయి.

పిచ్చి పట్టింది

ఇక్కడి నుంచి కథ స్పీడ్ అందుకుంటుంది. బ్రిటన్‌లో గాజు మీద ఉన్న పన్ను 1845లోనే ఎత్తేశారు, గాజు చవకైంది. 1853లో లండన్ జూలో మొదటి పబ్లిక్ ఆక్వేరియం తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో "ఆక్వేరియం" అనే మాట జనం నోళ్లలో పడింది. ఇంటింటికీ ఒక గాజు పెట్టె కావాలి. గాస్ పుస్తకాలు చదివినవాళ్లు బకెట్లు పట్టుకుని సముద్ర తీరాలకి వెళ్లి, రాళ్ల మధ్య గుంటల్లో ఉన్న జీవాల్ని ఊడ్చేశారు. ఆ అందం ఎలా నాశనమైందో, దానికి తండ్రి ఎంత బాధపడ్డాడో గాస్ కొడుకు ఎడ్మండ్ తర్వాత రాశాడు. ప్రకృతిని ప్రేమించమని చెప్పిన మనిషే దాని మీదికి జనాన్ని తోలినట్టయింది. ఈ మాట పక్కన పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

కనిపించని పనివాళ్లు

ఇప్పుడు ట్విస్ట్. వారింగ్టన్ లెక్క చాలా అందంగా ఉంది, కానీ సగమే నిజం. దశాబ్దాల పాటు జనం "ఇన్ని మొక్కలుంటే ఇన్ని చేపలు, ఇక చూసుకోనక్కర్లేదు" అని నమ్మారు. నిజానికి మామూలు ఇంటి ట్యాంక్‌లో ఆక్సిజన్ చాలావరకు నీటి పైభాగం నుంచి, గాలి తగిలే చోటు నుంచి వస్తుంది. రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. 1949లో అమెరికాలో జేమ్స్ ఆట్జ్ అనే చేపల శాస్త్రవేత్త ఈ "బ్యాలెన్స్డ్ ఆక్వేరియం" నమ్మకం అపోహ అని వ్యాసం రాశాడు.

మరి చేపల్ని చంపేది ఏంటి? ఎక్కువసార్లు అమ్మోనియా. చేప మొప్పల నుంచి అమ్మోనియా వస్తూనే ఉంటుంది, మిగిలిన మేత కుళ్లినా వస్తుంది. దాన్ని ఖాళీ చేసే పనివాళ్లు కంటికి కనిపించరు. 1877లో ఫ్రాన్స్‌లో ష్లోజింగ్, ముంట్జ్ అనే ఇద్దరు మురుగునీటిని ఇసుక గొట్టం గుండా పంపారు. కొన్ని రోజులకి అందులోని అమ్మోనియా నైట్రేట్‌గా మారి బయటికి రావడం మొదలైంది. క్లోరోఫామ్ ఆవిరి పంపగానే ఆ పని ఆగిపోయింది. అంటే ఆ ఇసుకలో ప్రాణమున్నదేదో ఉంది! 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ ఆ బాక్టీరియాని వేరుచేసి చూపించాడు.

ఇప్పుడు నా కుళాయి సీన్‌కి రండి. ఆ పనివాళ్లు ఉండేది ఎక్కడ? ఫిల్టర్ స్పాంజిలో, ఇసుకలో, ఆకుల మీద. కొత్త ట్యాంక్‌లో వాళ్లు సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను వాళ్లకి గంట టైమిచ్చాను. అప్పుడప్పుడే పుడుతున్న కొద్దిమందిని కూడా క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో కడిగి పారేశాను. నా చేపలకి జబ్బేమీ రాలేదు ఫ్రెండ్స్. వాటిని చంపింది నా తొందర.

మొక్కలు ఇక్కడ మళ్లీ గెలుస్తాయి. వారింగ్టన్ చెప్పిన కారణం సగమే కరెక్ట్, కానీ ఆయన చేసిన పని కరెక్ట్. బతికున్న మొక్క అమ్మోనియాని నేరుగా ఎరువులా పీల్చుకుంటుంది. ఆకులు, వేర్లు ఆ బాక్టీరియాకి ఇల్లు అవుతాయి.

నీళ్ల కింద తోట

ఇరవయ్యో శతాబ్దంలో నెదర్లాండ్స్‌లో జనం ట్యాంక్‌ని పూలతోటలా వరసలుగా నాటడం మొదలుపెట్టారు, దాన్ని డచ్ స్టైల్ అంటారు. తర్వాత జపాన్‌లో తకాషి అమానో వచ్చాడు. 1954లో పుట్టాడు. మొదట ప్రొఫెషనల్ సైకిల్ రేసర్, తర్వాత ఫోటోగ్రాఫర్. అడవుల్ని, కొండల్ని ఫోటోలు తీసే కంటితో ట్యాంక్‌ని చూశాడు. రాళ్లు, మొద్దులు, పచ్చిక, నీళ్లలోకి కార్బన్ డయాక్సైడ్. ఆయన స్టైల్‌కి నేచర్ ఆక్వేరియం అని పేరు. ఈరోజు మీరు రీల్స్‌లో చూసే ప్రతి పచ్చటి ట్యాంక్ మీద ఆయన నీడ ఉంటుంది.

ఆయనకీ పాచి సమస్యే వచ్చింది! ఆయన కూడా వారింగ్టన్‌లాగే తినేవాళ్ల కోసం వెతికాడు, ఒక చిన్న రొయ్య దొరికింది. దాన్ని ఇప్పుడు ప్రపంచమంతా అమానో రొయ్య అనే పిలుస్తుంది. 2015లో పోర్చుగల్‌లోని లిస్బన్‌లో 40 మీటర్ల పొడవు, 1,60,000 లీటర్ల నీళ్లతో ఒక నీటి అడవి కట్టాడు. అదే ఏడాది ఆగస్టులో చనిపోయాడు.

మన చెరువు వైపు

వారింగ్టన్ వాడిన వాలిస్నేరియా మన దేశపు చెరువుల్లో, నెమ్మదిగా పారే కాలువల్లో సహజంగానే పెరుగుతుంది. షాపుల్లో చవగ్గా దొరుకుతుంది, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అక్కర్లేదు. మొదటి ట్యాంక్‌కి ఇంతకంటే మంచి మొక్క లేదు.

పక్కన పెట్టుకోమన్న మాట గుర్తుందా? గాస్ కాలంలో నష్టం తీరం నుంచి ఇంటికి తేవడం వల్ల జరిగింది. మన కాలంలో ఇంటి నుంచి చెరువులోకి వదలడం వల్ల జరుగుతోంది. గుర్రపు డెక్క దక్షిణ అమెరికా మొక్క. పువ్వు అందంగా ఉందని దేశదేశాలకి పాకించారు, ఇప్పుడు మన కాలువల్ని ఎలా కప్పేస్తోందో మీకు తెలుసు. ఆంధ్రలో చేపల చెరువుల రైతుల్ని ఇబ్బంది పెడుతున్న డెవిల్ ఫిష్ కూడా దక్షిణ అమెరికాదే, ఆక్వేరియం వ్యాపారంతో వచ్చినదే. పాచి తింటుందని చిన్నప్పుడు కొంటాం, అడుగు దాటి పెరిగాక "పాపం, చెరువులో వదిలేద్దాం" అనుకుంటాం. దయచేసి వదలకండి. షాప్‌కి తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్లకి ఇవ్వండి. మొక్కల్ని కత్తిరించిన ముక్కలు కూడా కాలువలో వేయొద్దు, ఎండబెట్టి చెత్తలో వేయండి.

ప్రామిస్ చేసిన సెటప్

అడుగున ఇసుక, నాటడానికి సరిపడా మందం. వాలిస్నేరియా ముందే దండిగా నాటండి. కుళాయి నీళ్లకి క్లోరిన్ తీసే మందు వేయండి. లైట్ రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. చిన్న స్పాంజి ఫిల్టర్. చిటికెడు మేత మాత్రం వేస్తూ ఐదారు వారాలు ఆగండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక రెండు మూడు చేపలతో మొదలుపెట్టండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. స్పాంజిని ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండండి. నత్తల జోలికి వెళ్లకండి.

రెండోసారి ట్యాంక్ పెట్టినప్పుడు నేను ఇలాగే చేశాను. నెల రోజుల తర్వాత అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "చేపలేవిరా?" అంది. "ఇంకా రాలేదమ్మా, ఇల్లు రెడీ అవుతోంది" అన్నాను. అమ్మ కాసేపు చూసి, "ఆ మూల ఏదో కదులుతోందే" అంది. చూస్తే నత్త. గాజు మీద మెల్లగా పాకుతూ పాచి గీకుతోంది.

సరే ఫ్రెండ్స్, మీ మొదటి ట్యాంక్ ఏమైందో కామెంట్స్‌లో నిజంగా చెప్పండి, నేను చెప్పాను కదా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.