ముస్టాంగ్ వెనుక హెచ్చరిక రాడార్: ఫ్లైట్ సిమ్యులేటర్ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
రెండో ప్రపంచయుద్ధం చివరి దశలో కొన్ని పి-51డి ముస్టాంగ్ యుద్ధవిమానాలకు ఏఎన్/ఏపీఎస్-13 అనే చిన్న రాడార్‌ను అమర్చారు. వెనుక నుంచి సమీపించే విమానాన్ని గుర్తించి పైలట్‌ను హెచ్చరించడం దాని పని. నేడు అదే విమానాన్ని కంప్యూటర్ తెరపై నడిపేవారు ఆ రాడార్‌ను మళ్ళీ వాడుతున్నారు. ఈ పునర్వినియోగం చరిత్ర అధ్యయనానికి ఎంతవరకు ఉపకరిస్తుంది, ఏ విషయంలో మౌనంగా ఉండిపోతుంది అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

కీలకపదాలు: రాడార్, ముస్టాంగ్, సిమ్యులేటర్, మోనికా, ఆర్చీ, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

యంత్రాల చరిత్రను రాసేవారికి సాధారణంగా లభించే ఆధారాలు మూడు: వాడుక పుస్తకాలు, మ్యూజియంలో నిలిచిన వస్తువులు, వాడినవారి జ్ఞాపకాలు. వాడుక పుస్తకం యంత్రం ఏమి చేయాలో చెబుతుంది. మ్యూజియం దాని రూపాన్ని చూపుతుంది. జ్ఞాపకం దానితో బతికిన అనుభవాన్ని చెబుతుంది కానీ, కాలం గడిచేకొద్దీ మసకబారుతుంది. వీటికి నాలుగో ఆధారంగా సిమ్యులేటర్‌ను చేర్చవచ్చునా? ఈగిల్ డైనమిక్స్ సంస్థ డీసీఎస్ వరల్డ్ కోసం రూపొందించిన పి-51డి నమూనాలో కాక్‌పిట్ స్విచ్చులు దాదాపు అన్నీ పనిచేస్తాయి. వెనుక హెచ్చరిక రాడార్ కూడా అందులో ఉంది. పెద్ద యంత్రంలో చిన్న భాగమైన ఈ రాడార్‌నే ఉదాహరణగా తీసుకుని పై ప్రశ్నకు సమాధానం వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పరికరం: స్వరూప స్వభావాలు

ఒంటరి పైలట్ నడిపే యుద్ధవిమానానికి వెనుకభాగమే బలహీనత. ముస్టాంగ్ డి-రకంలో బుడగ ఆకారపు గాజుకప్పు వచ్చాక వెనుకకు చూపు మెరుగుపడింది. అయినా మనిషి ఎల్లవేళలా మెడ తిప్పి చూస్తూ ఉండలేడు. తనపై దాడి జరుగుతున్నట్టు తూటాలు తగిలిన తరువాతే తెలుసుకున్న పైలట్లు ఎందరో. ఈ లోపాన్ని పూరించడానికే ఏపీఎస్-13 వచ్చింది.

ఇది సుమారు 415 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేసేది. అంటే తరంగదైర్ఘ్యం దాదాపు 72 సెంటీమీటర్లు. అందువల్ల యాంటెన్నా తోకపై ఇమిడేంత చిన్నదిగా ఉండేది. రాడార్ వెనుకకు స్పందాలను పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వని కోసం వేచి ఉంటుంది. సుమారు 200 గజాల నుంచి 800 గజాల మధ్య ఏదైనా వస్తువు ఉంటే కాక్‌పిట్‌లో ఎర్రదీపం వెలుగుతుంది, గంట మోగుతుంది. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు ప్రయాణిస్తుంది. కనుక 800 గజాల దూరం పోయి రావడానికి పట్టే కాలం ఐదు మైక్రోసెకన్ల కంటే కొద్దిగా తక్కువ. ఆ వ్యవధిలో ప్రతిధ్వని వచ్చిందా లేదా అన్నదొక్కటే ఈ పరికరానికి తెలిసిన సంగతి.

తెలియని సంగతులే ఎక్కువ. వెనుక ఉన్నది మిత్రుడో శత్రువో దీనికి తెలియదు. కుడివైపో ఎడమవైపో, పైనో కిందో చెప్పలేదు. దీనికి తెర లేదు, కొలత చూపే ముల్లు లేదు. విమానం తక్కువ ఎత్తులో ఎగిరితే నేల నుంచి వచ్చే ప్రతిధ్వనిని సైతం మరో విమానంగానే భావిస్తుంది. ఈ చివరి లక్షణాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. వ్యాసం ఉత్తరార్ధమంతా దానిపైనే ఆధారపడి ఉంది.

3. పూర్వానుభవం: మోనికా

వెనుక హెచ్చరిక రాడార్ ఆలోచన ముస్టాంగ్‌తో మొదలు కాలేదు. రాత్రివేళ జర్మనీపై దాడి చేసే బ్రిటిష్ బాంబర్లలో అంతకుముందే మోనికా అనే రాడార్ ఉండేది. వెనుక విమానం ఉంటే సిబ్బంది చెవిలో టకటకమనే శబ్దం వినిపించేది. వందలాది బాంబర్లు ఒకే దారిలో సాగేటప్పుడు తోటి బాంబరుకూ అదే శబ్దం, శత్రువుకూ అదే శబ్దం.

దీనికి మించిన ప్రమాదం మరొకటి ఉంది. హెచ్చరించడం కోసం మోనికా నిరంతరం తరంగాలను వెదజల్లుతూ ఉండేది. ఆ తరంగాలనే ఆనవాలుగా పట్టుకుని బాంబరును చేరేందుకు జర్మన్లు ఫ్లెన్స్‌బర్గ్ అనే గ్రాహకాన్ని తయారుచేశారు. 1944 జూలై 13న ఒక జర్మన్ జంకర్స్-88 రాత్రి యుద్ధవిమానం దారితప్పి ఇంగ్లండ్‌లోని వుడ్‌బ్రిడ్జ్ విమానాశ్రయంలో దిగింది. దానిలో దొరికిన ఫ్లెన్స్‌బర్గ్‌ను పరీక్షించిన తరువాత బ్రిటిష్ వాయుసేన తన బాంబర్ల నుంచి మోనికాను తొలగించింది. కాపలా కాయవలసిన పరికరమే యజమాని జాడను శత్రువుకు అందించిందన్నమాట.

4. సిమ్యులేటర్‌లో వినియోగం

సిమ్యులేటర్‌లో ఈ రాడార్‌ను వాడటం కష్టం కాదు. కాక్‌పిట్ కుడివైపు ప్యానెల్ మీది విద్యుత్ స్విచ్‌ను వేసి, పరీక్ష స్విచ్‌తో దీపం, గంట పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. అసలు మెలకువ ఆ తరువాత మొదలవుతుంది. పరికర స్వభావాన్ని గ్రహించిన అభ్యాసకుడు, తోటి విమానం వెనుక ఎగురుతున్నప్పుడు గంటను నమ్మడు. నేలకు దగ్గరగా ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు దానికి విలువ ఇవ్వడు. ఎత్తున, ఒంటరిగా, ముందున్న లక్ష్యంపై దృష్టి నిలిపిన క్షణంలోనే దానికి నిజమైన ప్రయోజనం. గంట మోగితే ఆలోచిస్తూ కూర్చోక వెంటనే పక్కకు తిరగాలి. 800 గజాలంటే శత్రువు కాల్పులు జరపగల దూరానికి ఎంతో ఎడం లేదు.

వాడుక పుస్తకంలో ఒక అంకెగా కనిపించే ‘800 గజాలు’ ఇక్కడ కొన్ని సెకన్ల వ్యవధిగా అనుభవానికి వస్తుంది. సిమ్యులేటర్ చరిత్రకారునికి చేసే మేలు ఇదే. పరికరం పరిమితులు వాడుకలో ఏ నిర్ణయాలకు దారితీస్తాయో చదివి ఊహించడం కంటే చేసి తెలుసుకోవడం సులువు.

అయితే ఈ అనుభవం వక్రీకరణకు లోనయ్యే అవకాశమూ ఉంది. తెర ముందు కూర్చున్నవానికి వెనుకకు చూడటం సహజంగా కుదరదు. కనుక గంట విలువ వాస్తవం కంటే ఎక్కువగా తోచవచ్చు. మరోవైపు విమానాన్ని బయటి నుంచి చూపే దృశ్యాలను, విమానాల పేర్లు చూపే సూచికలను వాడితే గంట అవసరమే ఉండదు. రెండు సందర్భాలలోనూ 1945 నాటి పైలట్ స్థితి మనకు దొరకదు. 1945 ఏప్రిల్ 7న ఇవోజిమా నుంచి ముస్టాంగ్‌లు తొలిసారి టోక్యోపై దాడికి వెళ్ళే బి-29 బాంబర్లకు రక్షణగా సాగాయి. ఒక్కవైపే సుమారు 1,200 కిలోమీటర్లు, అంతా సముద్రం మీద. ఆ ద్వీపపు ముస్టాంగ్‌ల తోకలపై ఈ రాడార్ యాంటెన్నాలు ఛాయాచిత్రాలలో కనిపిస్తాయి. ఇరుకు సీటులో గంటల తరబడి కూర్చున్న దేహపు అలసటను ఏ కంప్యూటరూ పునఃసృష్టించలేదు.

5. మరో జన్మ: ఆర్చీ

ఆ కాలంలోనే ఏపీఎస్-13కు పూర్తిగా భిన్నమైన వినియోగం సిద్ధమవుతూ ఉంది. లాస్ అలమోస్‌లో అణుబాంబును నేలను తాకక ముందే, నిర్ణీత ఎత్తులో పేల్చవలసిన అవసరం ఏర్పడింది. విధ్వంసం ఎక్కువ వైశాల్యానికి వ్యాపించాలన్నది అందులోని ఉద్దేశం. రాబర్ట్ బ్రోడ్ నాయకత్వంలోని బృందం ఇందుకు ఏపీఎస్-13ను ఎంచుకుని, తగిన మార్పులు చేసింది. ఆ రూపానికి ‘ఆర్చీ’ అని పేరు.

ఒక్కో బాంబులో నాలుగు ఆర్చీలు ఉండేవి. బాంబు విమానం నుంచి విడివడిన తరువాత మొదట గడియారపు స్విచ్చులు, ఆపై వాయుపీడనంతో పనిచేసే స్విచ్చులు తమ వంతు పూర్తిచేసేవి. చివరగా ఆర్చీలు నేల నుంచి వచ్చే ప్రతిధ్వనిని వినేవి. నాలుగింటిలో ఏ రెండు నిర్ణీత ఎత్తును గుర్తించినా పేలుడు వలయం పూర్తయ్యేది. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై సుమారు 580 మీటర్ల ఎత్తులో, ఆగస్టు 9న నాగసాకిపై సుమారు 500 మీటర్ల ఎత్తులో బాంబులు పేలాయి.

800 గజాలంటే సుమారు 730 మీటర్లు. ఈ రెండు ఎత్తులూ ఆ పరిధికి లోపలివే. ముస్టాంగ్ పైలట్‌కు తప్పుడు గంటగా వినిపించే నేల ప్రతిధ్వనే ఇక్కడ పరికరం ఏకైక ప్రయోజనంగా మారింది. లోపం అనుకున్నది గుణమైంది. పైలట్ ప్రాణం కాపాడటానికి పుట్టిన పరికరం రెండు నగరాల వినాశ క్షణాన్ని నిర్ణయించింది. ఆర్చీలు వాడిన యాగీ రకపు యాంటెన్నా 1920లలో జపాన్‌లోని సెందాయ్‌లో హిదెత్సుగు యాగీ, షింతారో ఉదా రూపొందించినది కావడం ఈ చరిత్రలోని మరో విషాదం.

6. ముగింపు

పై పరిశీలన వల్ల రెండు విషయాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది: సిమ్యులేటర్ చరిత్ర అధ్యయనానికి ఉపయుక్తమైన ఆధారమే. పరికరం ఏమి చెప్పలేదో, ఎప్పుడు పొరపాటు పడుతుందో అది చేతికి అనుభవంగా అందిస్తుంది. నేల ప్రతిధ్వని ఎందుకు ముఖ్యమో ఆ అనుభవం ఉన్నవానికి ఆర్చీ వృత్తాంతం చదవగానే బోధపడుతుంది.

రెండోది: సిమ్యులేటర్ యంత్రాన్ని కాక్‌పిట్ హద్దులలోనే నిలుపుతుంది. మోనికా చేసిన ద్రోహం, ముస్టాంగ్‌లో మోగిన గంట, ఆర్చీ తెచ్చిన వినాశం ఒకే వంశానికి చెందిన కథలు. తెరపై మిగిలింది వాటిలో మధ్య కథ మాత్రమే. వినోదానికి అది చాలు, చరిత్రకు చాలదు. స్విచ్ వేయడం నేర్పే పని సిమ్యులేటర్‌కు అప్పగించినా, ఆ స్విచ్ ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోయిందో అడిగే బాధ్యత పరిశోధకులదే.