నమూనా రైలింజన్లలో విద్యుత్, ఎలక్ట్రానిక్ లోపాల అన్వేషణ

నమూనా రైలింజన్ కదలకపోయినా, ఆగి ఆగి నడిచినా, దీపాలు మిణుకుమన్నా కారణం వెతికి సరిచేసే పనిని లోపాల అన్వేషణ అంటారు. తాళంచెవి తిప్పితే నడిచే బొమ్మ రైళ్ల కాలంలో ఈ పని స్ప్రింగు, పళ్లచక్రాల దగ్గరే ముగిసేది. కరెంటు వచ్చాక పట్టాల మీదికి, ఎలక్ట్రానిక్స్ వచ్చాక ఇంజన్ లోపలికి విస్తరించింది. ప్రతి తరం కొత్త లోపాలను తెచ్చింది గాని పాతవాటిని తీసివేయలేదు.

తొలి విద్యుత్ రైళ్లు

జర్మనీలోని గోపింగెన్‌కు చెందిన మార్‌క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో నిర్ణీత గేజ్‌లతో స్ప్రింగు రైళ్లను చూపింది. 1900లో న్యూయార్క్‌లో మొదలైన లయొనెల్ సంస్థ అమెరికాలో విద్యుత్ రైళ్లను, మూడు పట్టాల ఏసీ పద్ధతిని ఇంటింటికీ చేర్చింది. ఏసీ మోటారు దిశ మార్చడానికి ఇంజన్‌లో ఒక రిలే ఉండేది. కరెంటు తెగి తిరిగి వచ్చిన ప్రతిసారీ అది ముందుకు, తటస్థం, వెనక్కి అనే వరుసలో ఒక మెట్టు జరిగేది. పట్టా మీది మురికి వల్ల క్షణకాలం కరెంటు తెగినా రిలే తటస్థానికి జరిగి బండి నిలిచిపోయేది. అలా రిలే చెడినట్టు కనిపించే లోపానికి అసలు మూలం చాలాసార్లు పట్టాలోనే ఉండేది.

రెండు పట్టాల డీసీ

1:87 నిష్పత్తి, 16.5 మిల్లీమీటర్ల గేజ్ గల హెచ్‌ఓ స్కేలు విస్తరించడంతో 12 వోల్టుల డీసీ పద్ధతి స్థిరపడింది. పట్టాల ధ్రువత్వాన్ని బట్టే బండి దిశ మారుతుంది కాబట్టి రిలే అవసరం తప్పింది. పరీక్ష కూడా తేలికైంది. మోటారుకు నేరుగా కరెంటు ఇస్తే తిరిగి, పట్టాల మీద తిరగకపోతే తప్పు చక్రాల్లోనో, కరెంటు అందుకునే రేకుల్లోనో ఉన్నట్టు. నేరుగా ఇచ్చినా తిరగకపోతే కార్బన్ బ్రష్‌లు, కమ్యుటేటర్ చూడాలి. పాత మోటార్లలో అయస్కాంతం బలహీనపడితే ఇంజన్ ఎక్కువ కరెంటు లాగుతుంది.

డిజిటల్ ప్రయత్నాలు

ఒకే పట్టా మీద పలు ఇంజన్లను విడివిడిగా నడపాలన్న కోరికతో జనరల్ ఎలక్ట్రిక్ 1960లలో ఆస్ట్రాక్‌ను తెచ్చింది. అందులో అయిదు ఇంజన్లకు వేర్వేరు పౌనఃపున్యాలు ఉండేవి. 1979లో బ్రిటన్‌లో హార్న్‌బీ తెచ్చిన జీరో 1తో 16 ఇంజన్లను నడపగలిగేవారు. 1980ల మధ్యలో వచ్చిన మార్‌క్లిన్ డిజిటల్ ఆ సంఖ్యను 80కి పెంచింది. ఇంజన్‌లో ఉండి ఆజ్ఞలను అందుకునే దాని డీకోడర్ మీద ఇంజన్ చిరునామాను చిన్న స్విచ్‌లతో అమర్చేవారు. బండి ఆజ్ఞలకు స్పందించకపోతే తప్పుగా పెట్టిన స్విచ్ కూడా అనుమానితుల జాబితాలో చేరింది.

డీసీసీ ప్రమాణం

బెర్న్‌డ్ లెంజ్ స్థాపించిన జర్మన్ సంస్థ రూపొందించిన పద్ధతిని ఆధారం చేసుకుని, 1935లో ఏర్పడిన అమెరికా నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల తొలి సగంలో డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) ప్రమాణాన్ని ఖరారు చేసింది. పట్టాల్లోని విద్యుత్తే సంకేతాన్నీ మోస్తుంది. ‘ఒకటి’ బిట్‌లో ఒక్కో అర్ధభాగం 58 మైక్రోసెకన్లు. ఇంత వేగంగా ధ్రువాలు మారడం వల్ల మామూలు మల్టీమీటర్ పట్టా వోల్టేజీని సరిగా చూపదు.

వైర్ల రంగులకూ ప్రమాణం వచ్చింది. ఎరుపు, నలుపు పట్టాల నుంచి కరెంటు తెస్తాయి. నారింజ, బూడిద రంగువి మోటారుకు, తెలుపు ముందు దీపానికి, పసుపు వెనుక దీపానికి, నీలం ఉమ్మడి ధన తీగ. పాత ఇంజన్లలో ఒక బ్రష్ లోహపు చట్రానికే కలిపి ఉంటుంది. దాన్ని వేరు చేయకుండా డీకోడర్ బిగిస్తే పట్టా కరెంటు నేరుగా మోటారు తీగల్లోకి చేరి డీకోడర్ కాలిపోతుంది. అందుకే బిగించే ముందు మోటారు కొసలకూ పట్టాలకూ మధ్య సంబంధం లేదని మీటర్‌తో నిర్ధారించుకుంటారు.

డీకోడర్ అమరికలను సీవీలు అనే అంకెల రూపంలో భద్రపరుస్తారు. దీంతో ఏ భాగమూ చెడకుండానే లోపాలు కనిపించసాగాయి. నియంత్రణ పెట్టె 28 వేగపు మెట్లు పంపుతూ డీకోడర్ 14కే అమర్చి ఉంటే, వేగం మారుతున్న కొద్దీ ముందు దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. సీవీ 29 సరిచేస్తే చాలు. కొత్త డీకోడర్లు సాధారణంగా 3 అనే చిరునామాతో వస్తాయి. చాలా సంస్థల డీకోడర్లలో సీవీ 8లో 8 అని రాస్తే తొలి అమరికలు తిరిగి వస్తాయి.

అన్వేషణ క్రమం

నేటి క్రమం ఈ చరిత్ర వరుసనే అనుసరిస్తుంది: ముందు పట్టాలు, చక్రాలు శుభ్రం చేయడం, తర్వాత మోటారు, ఆపైన తీగలు, చివరికి సీవీలు. డీకోడర్ బిగించిన ఇంజన్‌ను కరెంటు పరిమితి ఉన్న ప్రోగ్రామింగ్ పట్టా మీద తొలిసారి పరీక్షిస్తారు. అందువల్ల తీగలు తప్పుగా కలిసి ఉన్నా నష్టం తక్కువ. డీకోడర్ ఇక్కడ మోటారు ద్వారా క్షణకాలం అదనపు కరెంటు లాగి జవాబిస్తుంది. కాబట్టి జవాబు రాకపోతే మోటారు తీగ తెగి ఉండవచ్చు. లెంజ్ సంస్థదే అయిన రైల్‌కామ్ పద్ధతిలో డీకోడర్ నడుస్తూనే సమాచారం తిరిగి పంపగలదు. అయితే చక్రాల నుంచి కరెంటే అందని డీకోడర్ ఏమీ పంపలేదు గనుక ఆ సదుపాయం ఉన్న ఇంజన్‌కైనా పరీక్ష పట్టా దగ్గరే మొదలవుతుంది.