గల్ఫ్ పిల్లలకు ఎన్‌ఐటీ సీటు: ఇంటర్ ఎక్కడన్నదే కీలకం

పదో తరగతి కాగానే పిల్లల్ని ఇంటర్‌కు హైదరాబాద్, విజయవాడ పంపే గల్ఫ్ తెలుగు కుటుంబాలను నేను తరచూ చూస్తుంటాను. పంపేముందు 'దాసా' గురించి తెలుసుకోండి.

విదేశాల్లో చదివే విద్యార్థులను మన విద్యాసంస్థలకు రప్పించేందుకు భారత ప్రభుత్వం 2001-02లో మొదలుపెట్టిన పథకమిది. వరంగల్, తాడేపల్లిగూడెం సహా ఎన్‌ఐటీల్లో దీనికింద 15 శాతం అదనపు సీట్లుంటాయి. వాటిలో మూడో వంతు గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలవి. మిగతా దాసా విద్యార్థులు డాలర్లలో ఫీజు కడితే, వీరికి ట్యూషన్ ఫీజు ఇండియాలో చదివినవాళ్లతో సమానం.

ప్రవేశం జేఈఈ మెయిన్ ర్యాంకుతోనే. అయితే 11, 12 తరగతులు బయటే చదవాలి. ఇంటర్ ఇండియాలో చదివితే ఆ అర్హత పోతుంది.

ఏటా నిబంధనలు సరిచూసుకోండి. నా మటుకు, కోచింగ్ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. పోయిన అర్హత మళ్లీ రాదు.