కర్నూలు, కడప ముంగిళ్ల రంగులు

మసీదు సహన్‌కు, దర్గా ప్రాంగణానికి, గోరీల చుట్టూ ఉన్న ప్రహరీకి ఏ రంగు వేయించాలన్న ప్రసక్తి రంజాన్‌కు ముందో, ఉర్సుకు ముందో చాలా ఊళ్లలో వస్తుంది. రాయలసీమలో ఈనాడు ఆ ప్రసక్తి ఎక్కువసేపు సాగదు. ఆకుపచ్చ ఎనామిల్ డబ్బాలు వస్తాయి, రెండు మూడు రోజులలో పని ముగుస్తుంది. ఇస్లాంకు ఆకుపచ్చయే తగిన రంగు అనీ, మన పెద్దలు తొలినుంచీ ఇలాగే చేశారనీ నమ్మకం. ఈ నమ్మకంలోని మొదటి భాగానికి కొంత ఆధారం ఉన్నది. రెండవ భాగానికి మాత్రం కర్నూలు, కడప సీమల పాత కట్టడాలే ఎదురు సాక్ష్యం చెబుతాయి.

స్వర్గవాసుల వస్త్రాలను దివ్యఖురాన్ ఆకుపచ్చ రంగుతో వర్ణించింది. దైవప్రవక్త (స) ఆకుపచ్చని దుస్తులలో ఉండగా చూసినట్లు అబూ రిమ్సా (రజి) చెప్పిన ఉల్లేఖనం హదీసు గ్రంథాలలో ఉన్నది. తెల్లని వస్త్రాలు ధరించమన్న ఉపదేశమూ ఆ గ్రంథాలలోనే ఉన్నది. ఇక రాజ్యాల చిహ్నాలకు వస్తే అబ్బాసీలది నలుపు, ఫాతిమీలది తెలుపు. ఖలీఫా మామూన్ క్రీ.శ. 817లో ఇమామ్ అలీ రిజాను తన వారసునిగా ప్రకటించినప్పుడు నలుపును విడిచి ఆకుపచ్చను స్వీకరించాడు. 819లో బాగ్దాదు చేరుకున్న కొద్ది రోజులకే తిరిగి నలుపుకు మళ్లాడు. సయ్యదులు తలపాగాలో ఆకుపచ్చ గుర్తు ధరించాలని ఈజిప్టును ఏలిన మమ్లూకు సుల్తాను అష్రఫ్ షాబాన్ ఆజ్ఞాపించినది హి. 773లో, అనగా క్రీ.శ. 1371-72లో. ఇవన్నీ బట్టలకు, జెండాలకు, తలపాగాలకు సంబంధించిన సంగతులు. గోడకు ఫలానా రంగు పూయమన్న ఆదేశం వీటిలో ఎక్కడా లేదు.

తోటల రంగును గురించి మాత్రం ఖురాన్‌లో ఒక గొప్ప మాట ఉన్నది. సూరా రహ్మాన్‌లో రెండు ఉద్యానవనాలను వర్ణిస్తూ వచ్చే ఆయతు మొత్తం ఒకే ఒక్క పదం. నీటి సమృద్ధి వల్ల చిక్కబడి, నలుపుకు తిరిగిన ఆకుపచ్చ అని వ్యాఖ్యాతలు దాని భావం చెబుతారు. అరబ్బులకు ఈ దృష్టి సహజమే. ఎడారి నుంచి వచ్చి ఇరాకులోని కాలువల కింది సాగుభూమిని చూసి వారు దానిని సవాద్, అంటే ‘నల్లనిది’ అన్నారు. తెలుగులో ఈ భావాన్ని పట్టుకోవడం కష్టం. మన ‘పచ్చ’ పసుపునూ చెబుతుంది, ఆకు రంగునూ చెబుతుంది. ఎండిన వరిగడ్డీ పచ్చనే, నాటిన మడీ పచ్చనే. ఉర్దూవారికి జర్ద్ వేరు, సబ్జ్ వేరు. బహుశా ఆకుపచ్చ అరుదుగా కనబడే నేలలో పచ్చ అన్న మాట ఇంత సర్దుబాటు చేసుకోవలసి వచ్చిందేమో!

కర్నూలు, కడప సీమలు అటువంటి నేలలే. ఏటా సగటు వర్షం 750 మిల్లీమీటర్లకు లోపే. వేసవిలో ఎండ 42 డిగ్రీలు దాటడం విశేషం కాదు. ఇక్కడ ముంగిలికి రంగును ఎంచినది ముందుగా నేల కింది రాయి. 1872లో విలియం కింగ్ ఈ ప్రాంతపు శిలలను వివరిస్తూ ప్రచురించిన గ్రంథంతో కడప, కర్నూలు అన్న పేర్లు భూగర్భశాస్త్రంలోనే స్థిరపడ్డాయి. ఆ శిలలు పొరలు పొరలుగా ఉంటాయి. గునపం మొన పెట్టి లేపితే పలకలుగా వస్తాయి. కడప బండ నలుపు. పూర్వపు కర్నూలు జిల్లాలోని బేతంచెర్ల నాపరాయి బూడిద రంగు, లేత పసుపు, ఒక్కొక్కచోట లేత ఆకుపచ్చ ఛాయ. నల్ల బండ ఎండను తాగి సాయంత్రం దాకా పాదాలను కాలుస్తుంది. అందుకే అది నీడలో, దాలానులో పరచడానికి మేలు. ఎండపడే సహన్‌కు లేత రంగు నాపరాయి మేలు. జుహర్ నమాజుకు వట్టి కాళ్లతో సహన్ దాటినవారికి ఈ తేడా ఎవరూ చెప్పనక్కరలేదు.

గోడల సంగతి ఇంకొకటి. హంద్రీ ఒడ్డున కర్నూలులో ఉన్న అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధిని ప్రజలు గోల్‌గుమ్మజ్ అంటారు. బీజాపూరు సుల్తానుల తరఫున కర్నూలును ఏలిన ఈ అధిపతి సమాధి 17వ శతాబ్ది పూర్వార్థానికి చెందినది. రెండు గుమ్మటాలు, వాటి చుట్టూ కమానుల వరండాలు. దక్కను శిల్పులకు అలవాటైన రాయి, సున్నం, గచ్చు ఇక్కడి పని. 1650లో మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్న తరువాతి కాలపు జామియా మసీదు కూడా ఈ తీరుదే. ఆ శిల్పులు రంగు కోసం సున్నాన్నీ నీడనూ వాడుకున్నారు. తెల్లని గచ్చు మీద కమాను లోతులో పడే నీడ ఉదయం ఒక రంగు, అసర్ వేళకు మరొక రంగు.

సున్నానికి తోడు ఇళ్లలో రెండు రంగులు ఉండేవి. అరుగులకు, గోడ అడుగు అంచులకు జాజు. దీనికి కావలసిన ఎర్రమట్టి, పసుపుమట్టి బేతంచెర్ల ప్రాంతంలోనే దొరుకుతాయి. రెండవది నీలి. 19వ శతాబ్దిలో మద్రాసు రాజధానిలో నీలిమందు పండించిన ముఖ్య జిల్లాలలో కడప ఒకటి, కర్నూలు మరొకటి. సున్నంలో చిటికెడు నీలి కలిపితే పసుపు జీర విరిగి తెలుపు మరింత తెల్లగా కనబడుతుంది. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి బజారుకు వచ్చాక ఆ పంట క్రమంగా పోయింది. తెలుపు, జాజు, లేత నీలి, కింద రాతి నలుపు: ఇవన్నీ ఊరికి ఒకటి రెండు రోజుల బండి ప్రయాణంలో దొరికేవే.

ఆకుపచ్చ మాత్రం అలా దొరికేది కాదు. అది నీటితో కొనవలసిన రంగు. గండికోట కొండ కింద పెన్న ఒడ్డున పారేబాగ్ అనే తోట ఉండేది. కోటలోని రాయలచెరువు ఊటలతో నిమ్మ, అరటి తోటలు పెరిగేవి. సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి బయలుదేరే కర్నూలు-కడప కాలువను 1863లో ఒక ఇంగ్లీషు కంపెనీ మొదలుపెట్టింది. అది నష్టపోగా 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. అంతకుముందు ఇక్కడ తోట ఉన్నదంటే దాని వెనుక ఒక బావీ, ఒక మోటా, ఒక జత ఎద్దులూ ఉన్నాయన్న మాట.

తోట ఎంత విలువైనదో కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ కథ చెబుతుంది. 1839లో కంపెనీ సైన్యం కర్నూలు ప్రవేశించినప్పుడు జనానా తోటలలో ఫిరంగులు, మందుగుండు, పోత పని సరంజామా బయటపడ్డాయని ఆనాటి ఇంగ్లీషు వ్రాతలు చెబుతాయి. పరాయివారు తొంగిచూడని చోటు గనుక నవాబు దానిని ఎంచుకున్నాడు. జొహరాపురం వద్ద పోరు తరువాత ఆయనను పట్టుకుని తిరుచిరాపల్లి పంపారు. మరుసటి ఏడు అక్కడే మరణించాడు. తిరుగుబాటు చరిత్రలు ఫిరంగులను లెక్కపెట్టాయి గాని, వాటికి చోటివ్వడానికి తీసివేసిన చెట్లను ఎవరూ లెక్కపెట్టలేదు.

నవాబుల తోటలు పోయినా సామాన్యుల ముంగిళ్లలో ఆ రంగు నిలిచింది. వుజూ నీరు వృథాగా పోనీయకుండా ఒక పాదులోకి మళ్లిస్తే దానిమ్మో, గోరింటో బ్రతుకుతుంది. గోరీల వద్ద నాటే సబ్జా మొక్క పేరు ఫారసీలో పచ్చదనానికే పేరు. తెల్లని సున్నం గోడ ముందు ఒక్క దానిమ్మ పూత చాలు, కంటికి వేరే అలంకారం అక్కరలేదు.

ఇప్పుడు ఎనామిల్ సంగతి. సున్నం గాలి పీల్చే పూత. రాళ్ల సందుల నుంచి, పునాది నుంచి పైకెక్కిన చెమ్మ దానిగుండా ఆవిరైపోతుంది. గోడ మీద అది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి మళ్లీ రాయిగా మారుతుంది. నూనె రంగు ఈ దారిని మూసివేస్తుంది. లోపల చిక్కిన చెమ్మ, దానితో వచ్చిన ఉప్పు కలిసి గచ్చును పొట్టులా లేపుతాయి. మూడు వందల ఏళ్లు నిలిచిన పూలతీగల గచ్చు పని కొద్ది ఏళ్లలో రాలిపోవడానికి ఇంతకంటె వేరే శత్రువు అక్కరలేదు. 2009 అక్టోబరు వరద వంటిది కర్నూలు పాత గోడల్ని తడిపినప్పుడు ఏ గోడ తొందరగా ఆరుతుందన్నది దాని పైపూతను బట్టే ఉంటుంది. ఆ ఎనామిల్‌లో కలిసే ముగ్గురాయి కూడా పూర్వపు కడప జిల్లాలోని మంగంపేటదే అయి ఉండవచ్చు. సీమ రాయి సీమ గోడకే శత్రువయిందన్నమాట!

పాత గోరీ మీద ఏ రంగు ఉండేదో తెలుసుకోవడానికి గ్రంథాలు వెతకనక్కరలేదు. వాన తగలని కమాను లోపలి మూలలో చేతి గోరంత మేర పలుచని కత్తితో మెల్లగా గీకితే పొరలు ఒకదాని కింద ఒకటి కనబడతాయి. పైన ఆకుపచ్చ, దాని కింద ఒకప్పటి ఆకుపచ్చ, ఆపైన పలుచగా నీలి జీర ఉంటే ఉండవచ్చు, అట్టడుగున సున్నం. ఆ పని డబ్బాలు కొనక ముందే చేయాలి. ఒకసారి ఎనామిల్ పట్టిన గచ్చు నుంచి దానిని ఒలవబోతే గచ్చు కూడా వెంట వస్తుంది.