ఏజెన్సీ చట్టాల్లో రెండు ఇంగ్లీషు క్రియలు

భద్రాచలం నుంచి కూనవరం దాకా గోదావరి ఒడ్డు ఊళ్లలో పీసా, గ్రామసభ, తీర్మానం బాగా నలిగిన మాటలు. వీటిని నడిపించే రెండు ఇంగ్లీషు క్రియలు మాత్రం చట్టాల్లోనే ఉండిపోయాయి. ఒకటి కన్సల్ట్, రెండోది కన్సెంట్.

రెండూ లాటిన్ సంతానమే. కన్సెంట్ 13వ శతాబ్దంలో ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. కలిసి ఒకేలా భావించడం దాని మూలార్థం. మన ‘సమ్మతి’దీ దాదాపు అదే పోలిక. సలహా అడగడమనే అర్థమున్న కన్సల్ట్ వచ్చింది 16వ శతాబ్దంలో.

అసలు తేడా వ్యాకరణంలో ఉంది. ప్రభుత్వం ఊరిని సంప్రదిస్తుంది: కర్త ప్రభుత్వం, కర్మ ఊరు. కన్సెంట్ అకర్మకం, ‘టు’ తోడు లేనిదే విషయాన్ని అందుకోలేదు. అక్కడ ఊరే కర్త. ఊరు ఒప్పుకోకపోతే ఆ క్రియ జరగనట్టే. సంప్రదింపు అలా కాదు, ఊరు వద్దన్నా అయిపోయినట్టే లెక్క.

రాజ్యాంగం ఐదో షెడ్యూలు మొదటి క్రియనే ఎంచుకుంది. షెడ్యూల్డ్ ప్రాంతాలకు రెగ్యులేషన్ చేసే ముందు గవర్నరు గిరిజన సలహా మండలిని సంప్రదించాలి. పంచాయతీ వ్యవస్థను ఆ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పీసా చట్టం కూడా భూసేకరణ దగ్గర అదే క్రియను వాడింది, అదీ కర్మణి ప్రయోగంలో. గ్రామసభ, లేదా తగిన స్థాయి పంచాయతీ సంప్రదింపబడాలట. సంప్రదించేదెవరో ఆ వాక్యంలో కనిపించదు. ‘లేదా’ సంగతి సరేసరి.

సంప్రదించడమనే ఇదే మాట జడ్జీల నియామకంలో మరోలా పండింది. రాష్ట్రపతి ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలని రాజ్యాంగం అంటే, 1993లో సుప్రీంకోర్టు దాన్ని ఏకాభిప్రాయం దాకా లాగింది. ఏజెన్సీ ఊళ్లకు ఆ వైభోగం దక్కలేదు.

2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టంలో ముందస్తు సమ్మతి చోటు చేసుకుంది. ఎంతైనా ముందడుగే. కానీ అక్కడ కన్సెంట్ క్రియగా రాలేదు, నామవాచకంగా వచ్చింది. సమ్మతి ‘పొందాలి’ అంది చట్టం. పొందేది ప్రభుత్వం కాబట్టి ఊరు మళ్లీ కర్త స్థానం నుంచి జారిపోయింది.

అదే ఏడాది పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, పక్కనే ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం లాంటి పంచాయతీలు అవతలికి వెళ్లాయి. వాటిని వెనక్కి తేవాలన్న డిమాండ్ ఆ తర్వాతా వినిపిస్తూ వచ్చింది. అది జరగాలంటే రాజ్యాంగం మూడో అధికరణమే దారి. అందులో రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగమని ఉంది. ఊరు కర్తగానూ లేదు, కర్మగానూ లేదు.