రంగం కూలీ, క్యాంపు రైతు

కృష్ణా డెల్టా చరిత్ర రాసేవారు సాధారణంగా ఆనకట్టతో మొదలుపెట్టి ఆనకట్టతోనే ముగిస్తారు. 1852లో పని మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట, కాటన్ దొర దూరదృష్టి, పచ్చని పొలాలు - ఇదీ వరస. ఆ నీరు మనుషుల్ని ఎక్కడికి తరలించిందన్న ప్రశ్న వారికి తట్టదు. 1901లో 24 వేల చిల్లర జనం ఉన్న బెజవాడ 2011 నాటికి పది లక్షలు దాటిందంటే, అదంతా పురుళ్ళ వల్ల జరిగిందని ఎవరూ అనరు గదా!

వలస అనే మాటను మనం ఒకే అర్థంలో వాడుతున్నాం. నా దృష్టిలో అందులో రెండు చరిత్రలున్నాయి. పెట్టుబడితో కదిలినవాడిది ఒకటి, వట్టి చేతులతో కదిలినవాడిది మరొకటి. ప్రభుత్వాలు ఈ ఇద్దర్నీ ఏనాడూ ఒకే కంటితో చూడలేదు.

మొదట రైతు సంగతి. కాలువ కింద వరి పండించి, ధాన్యం అమ్మి, మిగులు కూడబెట్టిన రైతుకు డెల్టాలో భూమి చాలలేదు. నిజాం సర్కారు 1923లో మంజీర మీద తలపెట్టిన నిజాంసాగర్ 1931లో పూర్తయ్యేసరికి ఇక్కడి రైతులు బోధన్, బాన్సువాడ, వర్ని వైపు తరలారు. ఇక్కడ ఎకరం అమ్మితే అక్కడ అనేక ఎకరాలు వచ్చేవి. 1953లో తుంగభద్ర డ్యాము పూర్తయ్యాక గంగావతి, సింధనూరు వంతు వచ్చింది. వారు కట్టుకున్న ఊళ్ళను క్యాంపులంటారు. పేరు తాత్కాలికం, పట్టా శాశ్వతం. తుప్పలు కొట్టి, నేల చదును చేసిన వారి కష్టాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. అయితే అక్కడ భూమి అమ్ముకున్న చిన్న రైతు కొన్నిచోట్ల ఆ పొలంలోనే కూలీ అయ్యాడన్నది కూడా చరిత్రే.

ఈ రైతు కొడుకు చదువుకుని, పొలానికి బదులు ఉద్యోగానికి బయలుదేరేసరికి కథ ప్రభుత్వాల దాకా పోయింది. హైదరాబాదులో 1919 నుంచి ముల్కీ నిబంధన ఉంది. పదిహేనేళ్ళ నివాసం లేనివాడికి సర్కారు కొలువు లేదు. 1952లో ముల్కీ ఆందోళన మీద కాల్పులు జరిగాయి. 1956లో పెద్దమనుషుల ఒప్పందం, 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం. 1972 అక్టోబరులో ముల్కీ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పగానే విజయవాడ వీధులు జై ఆంధ్ర అన్నాయి. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆరు సూత్రాలొచ్చాయి, రాజ్యాంగంలో 371-డి చేరింది. 2014 జూన్ 2న రాష్ట్రమే రెండయింది. వీటన్నిటికీ వలస ఒక్కటే కారణమనడం అమాయకత్వం. కాని 'స్థానికుడెవడు' అన్న ప్రశ్న లేకుండా వీటిలో ఏ ఒక్కటీ అర్థం కాదు.

ఇక రెండోవాడు. ఆనకట్టలు నీరు తెచ్చాయి గాని, సెంటు భూమి లేనివాడు నీటిని ఏం చేసుకుంటాడు? ఉత్తరాంధ్ర నుంచీ గోదావరి జిల్లాల నుంచీ మేస్త్రీ దగ్గర అప్పు తీసుకుని వేలాదిగా ఓడలెక్కారు. రంగూన్‌ను వాళ్ళు 'రంగం' అన్నారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివారు వీళ్ళను కోరంగీలన్నారు. 1931 లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు. రంగూన్ నగరంలో సగానికి మించి వారే. 1930 మేలో అక్కడి తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యాజమాన్యాలు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారం కాగానే వాళ్ళను పొమ్మన్నాయి. ఆకలితో ఉన్న ఇద్దరు రేవులో ఒకరినొకరు నరుక్కున్నారు. చచ్చినవారిలో ఎక్కువమంది మనవాళ్ళే. దీనిని జాతి వైరమని రాసెయ్యడం సులువు. నాకు మాత్రం అందులో యజమాని జమాఖర్చుల పుస్తకమే కనిపిస్తుంది.

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి వేరుచేశారు. ఆ వేర్పాటు వాదనల్లో భారతీయుల వలస ముఖ్యమైనది. అంటే కూలీ కూడా రాజ్యాల సరిహద్దులను కదిలించాడు. కాని అతని కోసం పెద్దమనుషులు కూర్చోలేదు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది అడవులకడ్డంబడి అరకాన్, అస్సాం దారుల్లో నడిచారు. మిగిలినవారిలో చాలామంది 1964లో నే విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక తిరిగొచ్చారు. విశాఖలో వాళ్ళుండే చోటుకు బర్మా క్యాంపు అనే పేరుంది. ఇదీ క్యాంపే! సింధనూరు క్యాంపుకూ దీనికీ పోలిక పేరులోనే. మన నాటకరంగానికి 'రంగూన్ రౌడీ' దొరికాడు గాని, రంగూన్ కూలీ దొరకలేదు.

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, ఇద్దరు పిల్లలకు మించితే స్థానిక ఎన్నికల్లో పోటీకి వీల్లేదన్న 1994 నాటి నిబంధనను తొలగించింది. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే చెప్పారు. వృద్ధులు పెరిగిపోతారన్న బెంగ ఒకటి. 1971 లెక్కల దగ్గర 1976లో ఆపేసిన పార్లమెంటు సీట్ల పంపకం మళ్ళీ మొదలైతే దక్షిణాది వాటా తగ్గుతుందన్న భయం మరొకటి. భయం న్యాయమైనదే. అయితే ప్రభుత్వానికి కావలసింది ఎవరి తల? డెల్టా వరినాట్లకు పశ్చిమ బెంగాల్ నుంచి కూలీలు వచ్చిపోతున్నారు. వాళ్ళ సీటు ఇక్కడా లేదు, ఓటు వేసే రోజున అక్కడా ఉండరు. 2025 దాకా అమల్లో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం ఇలాంటివారిని తెచ్చే కాంట్రాక్టరు వాళ్ళ వివరాలు ప్రభుత్వానికి అందజేయాల్సి ఉండేది. 2020 లాక్‌డౌన్‌లో మద్రాసు వైపు నుంచి విజయవాడ మీదుగా కలకత్తా రోడ్డు పట్టుకుని ఇలాంటివారు నడిచారు. దేశం మొత్తం మీద ఆ ప్రయాణాల్లో ఎంతమంది చనిపోయారని అదే సంవత్సరం సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, ఆ లెక్క తమ దగ్గర లేదని కేంద్ర కార్మిక శాఖ రాతపూర్వకంగా జవాబిచ్చింది.